పల్లెవాసపు లెక్క

పట్టణపు ఇరుకు విడిచి పల్లెకు బోయి స్వల్పవ్యయముతో సుఖముగ బ్రదుకవచ్చునను మాట మన మధ్యతరగతి గృహములలో నేడు తఱచుగ వినవచ్చుచున్నది. గుంటూరు శివారు పేటలలోను, హైదరాబాదున కూకటపల్లి, నిజాంపేట ప్రాంతములలోను కాపురమున్న మన జిల్లాలవారు అద్దె, బడిజీతము, పాలు, నీళ్లు, బండి చమురు అని నెలనెలా కూడికలు వేసి నిట్టూర్చునప్పుడెల్ల ఈ మాట పుట్టును. 2020 నాటి మహమ్మారి కాలమున కచేరీ పనిని ఇంటినుండియే చేయవచ్చునని తెలిసిన పిదప ఈ కోరికకు కాళ్లు వచ్చినవి. కోరికతోపాటు దానిని పొగడు వ్యాసములును వచ్చినవి. ఆ కోరికను పరిహసించుట మా యుద్దేశము కాదు. ఇరుకుగదులలో పిల్లలను పెంచువారి బాధ మే మెఱుగుదుము. ఆ వ్యాసములను సాహిత్యముగ బరిశీలింపవలెనని మాత్రమే మా సంకల్పము. ఏలయన, ఒక కుటుంబము ఇల్లు మార్చుటకు ప్రేరేపించు రచన కవిత్వమువలె మెప్పు పొందినంతమాత్రమున చాలదు, దస్తావేజువలె నిజము చెప్పవలయును.

ఈ జాతి వ్యాసములు పది చదివినవారు పదునొకండవది చదువనక్కఱలేదు. మొదట నగరము వచ్చును: పొగ, మోత, మేడమీద మేడ, పొరుగువాని పేరెఱుగని బ్రదుకు. పిదప పల్లె వచ్చును: వేపచెట్టు, పెరటి ఆవు, అడుగకయే మజ్జిగ తెచ్చియిచ్చు పొరుగింటి పిన్ని. నడుమ నొక సంధ్యాకాలమున మిరప కళ్లము కుంకుమ పఱచినట్లు కనబడును. చివర లెక్క వచ్చును: అక్కడ నెలకింత, ఇక్కడ నెలకింత, మిగిలినది ఇంత. వర్ణనము ఎంత దీర్ఘమో లెక్క యంత హ్రస్వము. పూర్వాలంకారికులు కావ్యదోషములను లెక్కించునపుడు న్యూనపదత్వ మను దోషమును జెప్పిరి. ఉండవలసిన మాట లేకపోవుట. ఈ వ్యాసములకు న్యూనాంకత్వ మను క్రొత్త దోషమును మేము కల్పింపదలచితిమి.

మిరప కళ్లమునే చూడుడు. బస్సు కిటికీనుండి చూచినవారికి అది కుంకుమ. దానియందు కూర్చుండి తాలుకాయ లేరు ఆడుకూలీలకు అది చేతులకు మంట, కన్నులకు నీరు, గొంతునకు దగ్గు. ఆ కోరునకు ముఖమునకు గుడ్డ కట్టుకొని దినమంతయు పనిచేసి సాయంకాలము బిడ్డను దగ్గఱకు దీయుటకు ముందు ఎన్నిమారులు చేతులు కడుగుకొన్నను మంట పోదు. ఎఱుపును వర్ణించిన రచయిత ఆ చేతులను చూడలేదనుట మా యాక్షేపణ కాదు, చూచి విడిచినాడనుట. ఆ కూలి లేనిదే ఆ యూరిలో వస్తువు చౌకగ నుండదు. అనగా వర్ణనమునందు విడిచినదియు, లెక్కయందు విడిచినదియు ఒక్కటే.

మహాకవులు ఇట్లు విడువలేదు. మేఘసందేశమున యక్షుడు మేఘమును మాళభూమిమీదుగ బొమ్మనును. అప్పుడే నాగలి పారిన చేను పరిమళించుచుండును. కనుబొమల విలాస మెఱుగని పల్లెపడుచులు తలలెత్తి ప్రేమతో మేఘమును చూతురు. మన పాఠశాలలలో దీనిని గ్రామ్యముగ్ధత్వ వర్ణనమని బోధించుట కలదు. కాని ఆ స్త్రీల చూపునకు కాళిదాసు ముందే హేతువు చెప్పినాడు: సేద్యఫలము నీచేతిలో నున్నదని వా రెఱుగుదురు. అది ముగ్ధల చూపు కాదు. ఏటి పంట ఆకాశమున కుదువబెట్టినవారి చూపు. నగరపు విలాసమును మరిగిన యక్షుని నోటనే కాళిదాసు ఆ మాట పలికించుట మాకు మిక్కిలి ఉచితముగ దోచును.

ఇక మన సీమకే వత్తము. పల్లెవాసమునకు బోయి లెక్క తప్పి, ఆ లెక్కను పద్యముగ చెప్పిన మొదటి తెలుగు పెద్దమనిషి శ్రీనాథుడు. కొండవీటి రెడ్లయొద్ద విద్యాధికారిగ నుండి, పట్టు, కస్తూరి, కనకాభిషేకముల మరిగిన ఆ సార్వభౌముడు పలనాటికి బోయినపుడు చెప్పినవిగ లోకమున వాడుకలో నున్న చాటువులు నేటి వ్యాసకర్తలు తప్పక చదువదగినవి. సన్నబియ్యము లేదు, జొన్నకూడే గతి, చూచినచోట నెల్ల రాళ్లు, ఆ రాళ్లే దేవుళ్లు, తేళ్లు, పాములు, నీటికి కొఱత. ఇవి పరిహాసములే. నగరవాసి గర్వము వీనియందు నిండుగ కలదు. జొన్న తినువానికి జొన్నకూడు తక్కువ కాదని అతనికి తోచలేదు. అయినను ఈ దూషణమునందు నేటి భూషణములకంటె వస్తుజ్ఞాన మెక్కువ. అన్నమేది, నీరెక్కడ, నేల యెట్టిది యని మూడు ప్రశ్నలకును జవాబు ఉన్నది. నేటి పొగడ్తలలో ఈ మూడింటికి జవాబు వెదకి చూడుడు.

ఆ పరిహాసకునకే కడపటి దినములలో పల్లె అక్కఱకు వచ్చెనట. రాజాశ్రయము పోయిన వార్ధకమున కృష్ణయొడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు దీసికొన్నాడనియు, ఏటివఱద పంటను గొనిపోయెననియు, మిగిలిన పైరును పక్షులు తినెననియు, రాజునకు గట్టవలసిన ఏడునూఱు టంకములు కట్టలేక శిక్ష లనుభవించెననియు చాటువువలన తెలియుచున్నది. ఆ పద్యము శ్రీనాథుని చేతిదే యగునో, అతని పేర మఱియొకరు చెప్పినదో పరిశోధకులు తేల్చుకొందురు గాక. మాకు ముఖ్యమైనది అందలి అంకె. కరుణరసమున తడిసిన పద్యమునందు సైతము బాకీ యెంతయో చెప్పబడినది. గుత్త, వఱద, పిట్టలు, బాకీ: ఈ నాలుగు మాటలలో ఈ మండలపు వ్యవసాయ చరిత్ర నేటివఱకు నడచుచున్నది. పోతన హలము పట్టి సుఖముగ భాగవతము వ్రాసెనను కథ మనకు ప్రియమైనది గనుక దానినే పిల్లలకు చెప్పుదుము. శ్రీనాథుని గుత్తకథను నవ్వుటకై చెప్పుదుము. ఇంటి లెక్క చూచుకొనువారు రెండవదానిని గంభీరముగ చదువుట మేలు.

పాశ్చాత్యులలో ఈ విషయమున అందఱును ఉదహరించువాడు థోరో. 1845 మొదలు 1847 వఱకు రెండేండ్ల రెండు నెలలు వాల్డెన్ సరస్సుతీరమున కుటీరము కట్టుకొని యుండి, కుటీరమునకైన వ్యయము 28 డాలర్ల 12½ సెంట్లని, పలక, సున్నము, మేకులు వేర్వేఱుగ బద్దువేసి 1854లో ప్రకటించిన గ్రంథమున జూపినాడు. అట్టి నిష్ఠను మేము మెచ్చుకొందుము. అయినను ఆ కుటీరము నిలిచిన నేల అతని మిత్రుడైన ఎమర్సనుది. నేలకు బద్దు లేదు. భూమి మిత్రునిదైనచో ఎవరికైనను పల్లెవాసము చౌకయే.

మన జిల్లాలలో ఒక యూరికి ఊరే ఈ లెక్కను వేసి, లేచి, పట్టణము విడిచి బయటికి బోయిన సందర్భ మొకటి కలదు. దానిని స్వాతంత్ర్యోద్యమ ఘట్టముగనే చదువుట మనకు అలవాటు. మే మిచ్చట దానిని కాపురములు మార్చుకొన్న కథగ చదువగోరుచున్నాము. చీరాల, పేరాల, మఱి రెండు చేరువ గ్రామములు కలిసి చిరకాలము ఒక యూనియనుగ నుండెను. యూనియను పన్ను ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. దానిని పురపాలక సంఘముగ మార్చుటతోనే పన్ను సుమారు 40,000 రూపాయ లయ్యెను. జనము అన్నచో నేతగాండ్రు, చిన్న వర్తకులు, కూలీలు. సుమారు 15 వేలమంది. ఇరుకు ముందున్నంతయే, వీథులు ముందున్నట్లే, పన్ను మాత్రము పదింతలు. పట్టణమనిపించుకొనుటకే వెల కట్టవలసి వచ్చినది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు వారికి నాయకులైరి. ఈయన ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొందివచ్చినవారు; ఆనంద కుమారస్వామితో గూడి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున ననువదించి 1917లో ప్రకటించినవారు. హస్తముద్రల శాస్త్రము నెఱిగిన పండితుడు పన్నుల తగవులో దిగుట మన దేశముననే చూడగలము. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు త్రోవలు చూపెను: ఊరిలోనుండి పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచి సంఘపు టెల్లలకు వెలుపల బోయి యుండుట యొకటి. గోపాలకృష్ణయ్య గారును ప్రజలును రెండవదానిని ఏరుకొనిరి. 13 వేలకు పైబడిన జనము ఇండ్లు విడిచి, పొలిమేరకు అవతల పాకలు వేసికొని, ఆ చోటికి రామనగరమని పేరు పెట్టిరి. సుమారు 11 నెలలు అచ్చట నుండిరి.

ఈ వృత్తాంతమును చెప్పు గ్రంథములలో రామదండు కాషాయములు, గోపాలకృష్ణయ్య గారి గానము, చెఱసాల, ఇవి సమృద్ధిగ నుండును. కాపురమును గూర్చి మాటలు తక్కువ. ఏప్రిలు గడచి మే వచ్చినపుడు ఈ తీరమున ఎండ యెట్లుండునో మన మెఱుగుదుము. గుంటమగ్గము భుజమున బెట్టుకొని పోదగినది కాదు; క్రొత్తచోట మరల గుంట త్రవ్వి, నేల గట్టిపఱచి, మగ్గము నిలుపవలయును. పడుగు సాగదీయుటకు వీథి వలయును, గంజి కాచుటకు నీరు వలయును. మొదటి తాను కోయువఱకు ఇంట పొయ్యి దేనితో రగిలినది? బాలింతలు ఎక్కడ నుండిరి? వానకాలమున పాకలు నిలిచెనా? ఒక వీరగాథయందు ఈ ప్రశ్న లడుగుట అల్పబుద్ధి యని తలచువారుందురు. మేమట్లు తలపము. వీరత్వ మనునది అక్కడనే యున్నది. గోపాలకృష్ణయ్య గారికి ఒక యేడు శిక్ష పడి తిరుచిరాపల్లి చెఱసాలకు బోయిన పిదపకూడ ఆ పాకలలో నిలిచినవారు ఏ నిత్యవ్యయముతో నిలిచిరో చెప్పనిచో, 11 నెలలనునది వట్టి సంఖ్యగ మిగులును.

అయినను తెలిసినంతమట్టునకే రామనగరము మనకొక సంగతి చెప్పుచున్నది. వారు ఒంటరిగ బోలేదు. పొరుగువాడు, మంత్రసాని, అప్పిచ్చు కోమటి, నూలు తెచ్చు వర్తకుడు అందఱును కలిసి కదలిరి. పట్టణమును మోసికొని పోయిరనుట తగును. నేటి వ్యాసముల కుటుంబము తాను మాత్రమే కదలును. ముందున్న పొరుగును విడిచి, క్రొత్త పొరుగు మజ్జిగచెంబుతో సిద్ధముగ నుండునని నమ్మును. మఱి యొకటి. 13 వేలమంది కదలినను చివరకు తిరిగి రావలసినవారే యైరి. చీరాల నేటికిని పురపాలక సంఘమే. 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాలో జేరి, 2022 మొదలు బాపట్ల జిల్లాలో నున్నది.

ఆ చీరాలకు కొన్ని మైళ్ల దూరముననే కారంచేడు కలదు. 1985 జూలైలో మంచినీటి చెఱువును గూర్చిన తగవు మీద అచ్చటి మాదిగపల్లెపై దాడి జరిగి ఆఱుగురు పురుషులు చంపబడిరి. మిగిలినవారు పిల్లలతో, ముసలివాండ్రతో పరుగెత్తి చీరాల చేరిరి. ఆ పట్టణముననే పిదప వారికి కాలనీ యేర్పడినది. 1921లో పన్నునకు వెఱచి చీరాల విడిచి పల్లెనేలకు బోయినవారు, 1985లో ప్రాణములకై పల్లె విడిచి చీరాలకు వచ్చినవారు. త్రోవ యొక్కటే, నడక ఎదురు. 1991లో చుండూరు బాధితులలో పెక్కురు ఇట్లే తెనాలి చేరిరి. పట్టణమున పొరుగువాని పేరెఱుగరని మన వ్యాసకర్తలు దుఃఖింతురు. పేరెఱుగకుండుటయే రక్షణమైనవారు ఈ జిల్లాలలో వేలకొలది కలరు. పల్లెలో అందఱును అందఱి నెఱుగుదురనుట నిజమే. ఇంటిపేరుతో, వాడతో, కులముతో సహా ఎఱుగుదురు. అద్దెకు ఇల్లడుగబోయిన ఉపాధ్యాయునకు మొదట వచ్చు ప్రశ్న జీతమెంత యని కాదని మా వృత్తిలోనివారందఱును చెప్పగలరు.

ఈ విషయమును తెలుగు వచనమున మొదట నిస్సంకోచముగ వ్రాసినవారు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు. చెఱసాలలో వ్రాయబడి, 1922లో ప్రకటింపబడి, చెన్నపురి ప్రభుత్వముచేత నిషేధింపబడిన మాలపల్లిని గుంటూరు సీమ పలుకుబడికై పలువురు మెత్తురు, అది మెప్పదగినదే. మేము దానిని మఱొక గుణమునకై మెత్తుము. అది లెక్క తెలిసిన నవల. ధాన్యము ధర పెరిగినపుడు కూలి గింజలుగ కొలువవలెనా, రొక్కముగ నీయవలెనా అను తగవు ఆ కథకు ఇరుసువంటిది. గింజ ప్రియమైనపుడు రొక్క మిచ్చుట రైతునకు లాభము, కూలికి ఆకలి. చౌదరయ్య కోపము, సంగదాసు మరణము, రామదాసు కుటుంబము నేల పోగొట్టుకొని చెదరుట, ఇవి యెల్ల ఆ కొలతపాత్రనుండియే పుట్టినవి. పల్లెలో జీవితము చౌక యని చెప్పువారు ఈ నవలను చదివి, ఆ చౌక ఎవరి గంపనుండి వచ్చుచున్నదో గుర్తింతురు గాక. సంగపీఠము, భజనకూటములు, ఉత్తరార్ధమున దీర్ఘోపన్యాసములు కథకు బరువైన మాట నిజమే. ఉన్నవవారు బోధకులు, కథను ఆపి బోధింతురు. కాని కూలి కొలిచిన పుటలయందు వా రొక్కమాటయు వ్యర్థముగ వాడలేదు.

ఆ లక్ష్మీనారాయణ గారును, లక్ష్మీబాయమ్మ గారును పల్లెను అంతగ నెఱిగియు, శారదానికేతనమును 1922లో గుంటూరు పట్టణముననే నెలకొల్పిరి. బాలవితంతువులకు, విడువబడిన స్త్రీలకు, చదువగోరు ఆడపిల్లలకు అది యాశ్రయము. అట్టివారికి ఊరి కన్ను దాటి రావలసిన యవసరము కలదు. పట్టణమున కన్నులు ఎక్కువయైనను ఒక్కొక్కరిమీద నిలుచునవి తక్కువ. ఇది గృహిణులైన మా పాఠకురాండ్రు మాకంటె బాగుగ నెఱుగుదురు. పల్లెవాస ప్రశంసలలో అధికభాగము పురుషులు వ్రాసినవి. పెరటికూర కొనవలసిన పనిలేదని వ్రాసినవాడు ఆ పాదునకు నీరెవరు పోయుదురో వ్రాయడు. వచ్చినవారికెల్ల కాఫీ యిచ్చుట ఆతిథ్యమని మురియును; ఎన్నిమారులు పాలు కాచవలెనో చెప్పడు. నగరమున పదిగంటలు కచేరీలో పనిచేసిన కోడలు ఇంటినుండియే పనిచేయుచు పల్లెకు వచ్చినచో, ఆమె గదిలో తలుపు వేసికొని కూర్చున్నది పని యని అత్తవారి బంధువర్గమును ఒప్పించుటయే ఒక యుద్యోగము. ఈ శ్రమకు రొక్కము లేదు గనుక లెక్కలో రాదు. లెక్కలో రానందుననే పల్లె చౌకగ కనబడును.

నల్లరేగడిని గూర్చి రెండు మాటలు. పల్లెకు బోవు కుటుంబము తమకున్న రెండెకరములు కౌలుకిచ్చి ఆ ఆదాయముతో ఇల్లు గడుపుదుమని తలచుట సామాన్యము. కౌలుదారుడు పంట వేయకముందే మాట యిచ్చును. పంట చేతికి రాకున్నను మాట చెల్లింపవలయును. 1987 ప్రాంతమున పత్తిని తెల్లదోమ పట్టి ప్రకాశము, గుంటూరు జిల్లాలలో రైతులు పురుగుమందే త్రాగి ప్రాణములు విడిచిరి. 2021-22లో మిరపతోటలను నల్లతామర పురుగు పట్టి, పూత పూతగనే మాడిపోయెను. ఎకరమున లక్షలు పోసినవారు చేనిని దున్నివేసిరి. వారిలో కౌలుదారు లెందఱో. 2019 నాటి చట్టము ననుసరించి కౌలుదారునకు సాగుపత్రము రావలెనన్న భూమి సొంతదారుని సమ్మతి వలయును. పత్రమున్నగాని బ్యాంకు అప్పునకు, నష్టపరిహారమునకు త్రోవ లేదు. పల్లెకు తిరిగివచ్చి ప్రకృతిని పొగడు మిత్రులను మే మొకటి యడుగుదుము: మీ చేనుచేయువానికి ఆ కాగితముమీద సంతకము పెట్టితిరా? పెట్టినచో మీ వ్యాసమున ఆ మాటయు వ్రాయుడు. వేపచెట్టుకంటె అది వార్త.

నేలలెక్క సరిగ వేసి కదలినవారు మన జిల్లాలలో లేకపోలేదు. నిజాంసాగరము క్రింద నిజామాబాదు సీమకు, 1953లో తుంగభద్ర ఆనకట్ట నీ రిచ్చిన పిదప రాయచూరు, గంగావతి, సింధనూరు ప్రాంతములకు కృష్ణా, గుంటూరు, గోదావరి రైతులు పోయిరి. ఇచ్చట ప్రియమైన ఎకరము అమ్మి అచ్చట చౌకగ పెక్కెకరములు కొని, నేటికిని క్యాంపులని పిలువబడు ఊళ్లు కట్టిరి. జొన్నచేలు వరిచేలైనవి. వా రెవ్వరును ప్రశాంతత కొఱకు పోలేదు గనుక వ్యాసములు వ్రాయలేదు. కాని వారి లెక్కకును ఎదుటి పుట కలదు. చౌకగ నమ్మిన అచ్చటివారిలో కొందఱు, నీరు పాఱిన పిదప తమ పూర్వపు చేలలోనే కూలికి దిగిరి. చౌక యనునది ఒక్కచోట నుండు వస్తువు కాదు. కొనువాడు వచ్చుటతోనే అది తరలిపోవును. ఈ వలసను గూర్చి తెలుగున ఒక మంచి నవల రావలసి యున్నది. అమ్మినవాని ఇల్లును, కొన్నవాని ఇల్లును రెండింటిని చూపగలవాడే దానిని వ్రాయదగును.

ఇంత చెప్పి, ఎవరును పల్లెకు బోగూడదని మేము శాసింపజాలము. ముసలి తల్లిదండ్రు లున్నవారు, సొంత యిల్లున్నవారు, పిల్లల చదువు ముగిసినవారు, చేతిపని యెక్కడనైన చేయగలవారు పోయి సుఖపడుచున్నారు. వెలిగొండ ప్రక్కల పడమటి ప్రకాశమునకు బోవువారు నీటిని పరీక్షింపించి పోవుట మంచిది. కనిగిరి ప్రాంతమున ఫ్లోరైడు నీరు ఎముకలను వంచిన సంగతి లోకవిదితము. అచ్చట ఇల్లు చౌక. త్రాగునీరు డబ్బాలలెక్కన కొనుట చౌక కాదు. గుండెనొప్పి వచ్చినచో గుంటూరో ఒంగోలో చేరుటకు ఎన్ని గడియలు పట్టునో చూచుకొనవలయును. ఊరి బడిని పిల్లవాని చేరిక కొఱకు మాత్రమే గాక, నిలుపుట కొఱకును చూడవలయును. తన బిడ్డను చేర్పింపని బడి మూతపడుచున్నదని వ్యాసము వ్రాయువారిని మేము కొందఱ నెఱుగుదుము.

మేము చదువగోరు వ్యాసము ఒకటి కలదు. పల్లెకు బోయి మూడు పంటలకాలము గడచిన పిదప, ఇంటి యిల్లాలు తన పద్దుపుస్తకము ముందుంచుకొని వ్రాసినది. అందు పాలవాడు, పాలేరు, పాకీపని చేయువారు, కౌలుదారుడు తమ తమ కూలితో సహా కనబడవలయును. ఏ వాడవారు వాకిటివఱకు వత్తురు, ఏ వాడవారు వంటయింటివఱకు వత్తురు, తాము వచ్చినపిమ్మట ఆ గీత ఏమైన జరిగినదా యని యుండవలయును. తిరిగి పోవలెనని తోచిన దినములును ఉండవలయును. అట్టి వ్యాసము సుఖమును గూర్చి చెప్పినను మేము నమ్ముదుము.

త్వరగ వ్రాయుటయు మంచిది. గుంటూరు ఇరుకు తప్పించుకొని కొందఱు గోరంట్లకు, నల్లపాడునకు, పెదపలకలూరునకు బోయి ఇండ్లు కట్టిరి. 2012లో ఆ గ్రామములు నగరములో కలిసినవి. వారు కదలకయే పట్టణవాసులైరి. పన్ను చీటీమీద మాత్రము ఊరిపేరు మారినది. 2015లో అమరావతికి పునాది పడుటతో కృష్ణయొడ్డు పల్లెల నేల గజములలెక్కకు వచ్చినది; 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిసి నగరపాలక సంఘమైనవి. ఇప్పుడు చౌక నేల వెదకువారు ఫిరంగిపురము దాటి, నరసారావుపేట త్రోవ పట్టుచున్నారు. ఆ బాటకు ఇరుప్రక్కల మిరపచేలలో మొక్కలు ఇంకను ఎదుగుచుండగనే, నడుమ నడుమ సున్నము పూసిన హద్దురాళ్లు పాతబడి యున్నవి.